తక్షకవిద్యయు చిత్రిక యంత్రమును

మను, మయ, త్వష్ట, శిల్పి, విశ్వజ్ఞులను పంచశాఖలలో మయశాఖకు దారుకర్మము వృత్తియని ఈ మహాసభకు విచ్చేయు పెద్దలకు మేము వేఱుగ చెప్పవలసిన పనిలేదు. అయితే ఆ దారుకర్మములో నొక యంగమగు చిత్రికపట్టు విద్య ఎట్లు పుట్టి పెరిగినది, అది చేతినుండి యంత్రమునకు పోయినప్పుడు అందేది నిలిచినది, ఏది మన చేజాఱినది అను ప్రశ్నను నేడు మనము తప్పక విచారింపవలసియున్నది. ఏలయన గుంటూరు, తెనాలి, నరసరావుపేట, ఒంగోలు మున్నగు పట్టణములలో మందము తీయు యంత్రము, అనగా థిక్‌నెస్ ప్లేనరు, మన పనిశాలలలో ప్రవేశించినది. యంత్రము వచ్చినది గాని దానిని సరిచేయు విద్య దానివెంట రాలేదు. ఈ కొఱతవలన మన యువకులకు కలుగు నష్టమును చూపుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

మొదట శబ్దములను పరిశీలింతము. వడ్రంగి యను మాట సంస్కృతమందలి వర్ధకి శబ్దమునుండి వచ్చినది. అమరకోశమున తక్ష, వర్ధకి, త్వష్ట, రథకార శబ్దములు ఒక్క యర్థమున చెప్పబడినవి. కాని వాస్తుశాస్త్రకారులు ఇంకను సూక్ష్మముగ విభజించిరి. మయమతమున స్థపతి, సూత్రగ్రాహి, తక్షకుడు, వర్ధకి యని శిల్పులు నలువురు. స్థపతి పనినంతటిని నిర్ణయించువాడు. సూత్రగ్రాహి త్రాటికిని కొలతకును అధికారి. స్థూలమును సూక్ష్మమును చెక్కి తగిన ప్రమాణమునకు తెచ్చువాడు తక్షకుడు. అట్లు చెక్కినవానిని ఒకదానితో నొకటి కూర్చి వృద్ధిచేయువాడు వర్ధకి. ఈ క్రమమును గమనింపుడు. తక్షకుని పని ముగిసిన పిదపనే వర్ధకి పని మొదలగును. పలక మందము తప్పినచో కుసి తొలికి సరిపడదు. ఆ తప్పును కూర్చువాడు దిద్దజాలడు. కావున మందము తీయుట యనగా మొరటుపని గాదు. తక్కిన పనియంతయు దానిమీద నిలిచియున్నది.

ఆ శాస్త్రములలోనే కొలతల పట్టికయు గలదు. ఎనిమిది పరమాణువులు ఒక రథరేణువు, ఎనిమిది రథరేణువులు ఒక వాలాగ్రము, ఎనిమిది వాలాగ్రములు ఒక లిక్ష, ఎనిమిది లిక్షలు ఒక యూక, ఎనిమిది యూకలు ఒక యవ, ఎనిమిది యవలు ఒక అంగుళము. లిక్షయనగా ఈరు, యూకయనగా పేను, యవయనగా యవధాన్యపు గింజ. ఈ శాస్త్రపు అంగుళము నేడు మనము అంగుళమని పిలుచు ఇంచికంటె చిన్నది. దానిని సుమారు ముప్పాతిక ఇంచిగ, అనగా 19 మిల్లీమీటర్లుగ పట్టినచో యవ సుమారు 2.4 మిల్లీమీటర్లును, యూక 0.3 మిల్లీమీటరును, లిక్ష 0.04 మిల్లీమీటరునకు కొంచెము లోపును అగును. పూర్వులు లిక్షను పనిముట్టుతో కొలిచిరని మేము వాదింపము. కాని యవకంటె చిన్నదానికిని పేరుపెట్టి, అంతవఱకు ఆలోచనను సాగించిరనుట నిశ్చయము. ఈ లిక్ష ప్రమాణమును చదువరులు గుర్తుంచుకొనవలెను. యంత్రమును సరిచేయు పట్టున అది మరల మన యెదుటికి వచ్చును.

ఈ తక్షకవిద్యకు మన గడ్డమీదనే శిలాసాక్ష్యము గలదు. చిరకాలము గుంటూరు జిల్లాలో నుండి, 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలో చేరిన అమరావతి గ్రామమున మహాస్తూపముండెను. 1797లో కాలిన్ మెకంజీ దానిని చూచి, 1816లో మరల వచ్చి చిత్తరువులు వ్రాయించెను. ఆ శిల్పములు నేడు చెన్నపట్టణపు ప్రభుత్వ మ్యూజియములోను, లండనులోని బ్రిటిషు మ్యూజియములోను, అమరావతియందును గలవు. స్తూపము చుట్టును నిలిపిన వేదికను చూడుడు. నిలువు స్తంభములు, వానిలో తొలిచిన గుంటలలోనికి దూరు సూచులను అడ్డు కమ్ములు, పైని స్తంభముల కుసులమీద కూర్చుండు ఉష్ణీషము. ఇది రాతికి సహజమైన కూర్పు గాదు. ఇది కొయ్యకంచెకు శిలారూపము. ఱంపము, ఉలి, బాడిస పట్టినవాని యాలోచనను రాతిపనివాడు ఎరువు తెచ్చుకొనెను. అడ్డుకమ్ములన్నియు సమానమైన మందము గలవి గానిచో ఆ గుంటలలో అవి నిలువనే నిలువవు. కొయ్య చెదలకు చివుకుటకు లోబడి నశించెను. కొయ్యపనివాని బుద్ధిమాత్రము రాతిలో నిలిచెను.

ఇక చిత్రికను గూర్చి విచారింతము. దీనికి తోపడ యనియు పేరు గలదు. ప్రాచీనకాలమున కొయ్యను నునుపుచేయుటకు బాడిసయే ముఖ్యసాధనము. ఋగ్వేదమున త్వష్టచేతిలో నుండు లోహపు వాశి ఇట్టి పనిముట్టే. పాశ్చాత్యదేశములలో చిత్రిక రోమకులనాటికే గలదు, క్రీ. శ. 79లో అగ్నిపర్వతపు బూడిదలో పూడిపోయిన పాంపేయి పట్టణమున అట్టివి దొరకినవి. చిత్రికయనునది కొయ్యదిమ్మెలో బిగించిన యొక కత్తి మాత్రమే. అయినను కత్తి దిమ్మెనుండి ఎంత బయటికి రావలెను, దాని వెనుక పొట్టును విఱుచు రేకు ఎంత దగ్గఱగ నుండవలెను, నోరు ఎంత సన్నముగ నుండవలెను అనునవి తెలిసినవానికే అది వశమగును. పనివాడు చిత్రికను తలక్రిందు చేసి, అడుగుభాగము వెంబడి చూపు సాగించి, సుత్తితో మెల్లగ తట్టి కత్తిని సరిచేయుట చూచినవారికి ఈ మాట తెలియును. కోయుటకంటె సరిచేయుటయే విద్య.

చేతితో మందము తీయు క్రమము ఇట్టిది. కోసిన పలకకు మొదట ఒక ముఖమును సమముచేయుదురు. పలక రెండు కొనలయందును రెండు తిన్నని బద్దలను అడ్డముగ నిలిపి, ఒకదాని అంచుమీదుగ రెండవదానిని చూచినచో మెలి యున్నది లేనిది బయటపడును. మెలి పోయిన పిదప ఆ ముఖమునకు గుఱుతుపెట్టి, మూలమట్టముతో ఒక అంచును దానికి లంబముగ తెత్తురు. అటుపిమ్మట ఆ సమముఖమునుండియే కొలిచి, కావలసిన మందమునకు నాలుగంచులను గీతగీసి, రెండవ ముఖమును గీతవఱకు దింపుదురు. ఇందలి ధర్మమొక్కటే. మొదటి ముఖము సత్యమైనప్పుడే రెండవ ముఖము దానినిబట్టి సత్యమగును. ఈ ధర్మమును యంత్రము మార్చలేదు, మార్చజాలదు.

మన సీమలో ఈ విద్య ఎన్ని విధముల జీవనాధారమై యుండెనో తలచుకొనుడు. ప్రత్తిని మిరపను గుంటూరునకు చేర్చిన ఎడ్లబండ్లు, నల్లరేగడిని దున్నిన నాగళ్లు, గొఱ్ఱులు మన పనివారి చేతులలో రూపొందినవే. చీరాల, మంగళగిరి మగ్గములలో నాడె పరుగెత్తు పలక సమముగ లేనిచో నాడె ఎగిరిపడును, నూలు తెగును. సాలెవాని కూలి వడ్రంగి చిత్రికమీద ఆధారపడియుండెను. మార్కాపురపు రాతిపలకలమీద అక్షరములు దిద్దిన తరములవారికి ఆ పలకచుట్టు నుండు కొయ్యచట్రము గుర్తుండును. ఆ బద్ద మందము తగ్గినచో రాయి ఊగును, పెరిగినచో పగులును. కొలత తప్పిన ఫలము చివరకు బడిపిల్లవాని చేతిలో కనబడుచుండెను.

ఇట్టి విద్య యంత్రమునకు ఎట్లు పోయెనో చూతము. ఆంగ్లదేశమున సామ్యూల్ బెంథామ్ అనునాతడు 1791లోను 1793లోను కొయ్యపని యంత్రములకు పేటెంట్లు పొందెను. ఇతడు ప్రసిద్ధ తత్త్వవేత్తయగు జెరెమీ బెంథామ్ సోదరుడు. ఈ సోదరులు తాము తలపెట్టిన నూతన కారాగృహమున పనినేర్వని ఖైదీలచేతను కొయ్యపని చేయింపవచ్చునని ఈ యంత్రములను ఉద్దేశించిరి. ఈ విషయము మనము మఱవరానిది. యంత్రము పుట్టుకతోనే విద్య లేనివానికొఱకు పుట్టినది. తరువాత 1802లో జోసెఫ్ బ్రామా చిత్రిక యంత్రమునకు పేటెంటు పొందగా, అది వూల్విచ్ ఆయుధాగారమున నెలకొల్పబడెను. 1827లో గ్లాస్గోవాసియగు మాల్కమ్ మ్యూర్ నేలపలకలను చిత్రికపట్టు యంత్రమును రూపొందించెను. 1828 డిసెంబరు 27వ తేదీన అమెరికాలో విలియమ్ వుడ్‌వర్త్ తిరుగు కత్తులును నొక్కు రోలర్లును గల యంత్రమునకు పేటెంటు పొందెను. నేటి మందము తీయు యంత్రములకు ఇదియే మూలపురుషుడని చెప్పవచ్చును.

ఈ వుడ్‌వర్త్ పేటెంటు చరిత్రలో నొక నీతి గలదు. పదునాలుగేండ్లకు, అనగా 1842లో, ముగియవలసిన హక్కు రెండుమాఱులు పొడిగింపబడి 1856వఱకు సాగెను. హక్కును కొనుక్కొన్న కొలదిమంది యంత్రము పెట్టుకొన్నవారినుండి రుసుము వసూలుచేసిరి. వ్యాజ్యములు అమెరికా సుప్రీముకోర్టు వఱకు పోయెను. పలక నునుపు అందఱికిని కావలసియుండగా తాళపుచెవి కొందఱి చేతనుండెను. నేడు పేటెంటు లేదు. కాని యంత్రమును సరిచేయు విద్య అమ్మకపుదారుల మెకానిక్కు చేతిలో మాత్రమే యుండి మనచేతిలో లేనప్పుడు మన స్థితి ఆనాటి పలకకోతదారుల స్థితికంటె ఎక్కువ మేలుగాదు.

యంత్రములోని యంగములను పరిశీలించినచో అవి పాత చిత్రిక యంగములే విడదీసి పెట్టినట్లు తోచును. దిమ్మెకు బదులు ఎక్కుచు దిగుచునుండు ఇనుపపీట. ఒక కత్తికి బదులు ఇరుసునకు బిగించిన రెండు మూడు కత్తులు. పొట్టు విఱుచు రేకునకు బదులు ఇరుసునకు ముందుండు పట్టీ. చిత్రికను నొక్కు చేతికి బదులు లోనికి లాగు రోలరు, వెలికి నెట్టు రోలరు, ఇరుసు వెనుక పలకను అదిమిపట్టు పట్టీ. తొలి యంత్రములలో ఇరుసు చతురస్రముగ నుండి, చేయి జాఱినచో వ్రేళ్లను ఖండించుచుండెను. ఇరువదవ శతాబ్ది ప్రథమభాగమున గుండ్రని ఇరుసు వచ్చి ఆ యపాయము కొంత తగ్గెను.

దీనిని సరిచేయు క్రమమును ఇచ్చట సంగ్రహముగ వ్రాయుచున్నాము. చిన్నయంత్రములలో కొన్ని యంగములు ఉండకపోవచ్చును. ప్రతి యంత్రమునకును దాని తయారీదారుల కొలతలే ప్రమాణము. అన్నిటికంటె ముందు విద్యుత్తు తీగను ఊడదీయవలెను. మీట ఆపుట చాలదు. జిగురును పొట్టును తుడిచి, పీట ఇరుసునకు రెండు కొనలయందును సమదూరమున నున్నదా యని డయలు గేజితో చూడవలెను. తరువాత కత్తులు. ప్రతికత్తిని ఎడమకొనను కుడికొనను కొలిచి, అన్నియు ఒకే యెత్తున నుండునట్లు అమర్చి, మరలను కొంచెము కొంచెముగ బిగించి, మరల కొలిచి, పిదప గట్టిగ బిగింపవలెను. బిగించునప్పుడే కత్తి కదలును గనుక రెండవ కొలత తప్పనిసరి. కత్తికిని కత్తికిని భేదము 0.04 మిల్లీమీటరు, అనగా సుమారు ఒక లిక్ష దాటకుండుట మేలు. మయమతపు పట్టికను పరిహసించువారు ఈ డయలు గేజి ముల్లును చూచి యోచింతురుగాక.

ఇంత సూక్ష్మము దేనికందురేని లెక్క చూడుడు. మూడుకత్తుల ఇరుసు నిమిషమునకు 5,000 చుట్లు తిరిగినచో కోతలు 15,000. పలక నిమిషమునకు 6 మీటర్లు నడచినచో ఒక్కొక్క కోతకు 0.4 మిల్లీమీటరు. ఈ అలలు కంటికి కానరావు. కాని ఒక కత్తి కొంచెము పొడుచుకొని వచ్చినచో ఆ యొక్కటియే తుదిరూపు దిద్దును; అప్పుడు అల 1.2 మిల్లీమీటర్లగును. తలుపునకు రంగువేసినపిదప అది దీపపువెలుతురున పక్కటెముకలవలె కనబడును. మూడుకత్తులకు వెలయిచ్చి ఒక్క కత్తితో పనిచేయుట యనగా నిదియే.

కత్తులు కుదిరిన పిదప రోలర్లు. లోనికి లాగు రోలరు కత్తుల యంచుకంటె అర నుండి ఒక మిల్లీమీటరు క్రిందుగ నుండుట సాధారణము. దాని స్ప్రింగులు రెండువైపుల సమముగ నొక్కవలెను. లేనిచో పలక ప్రక్కకు నడచును. వెనుకనున్న అదుము పట్టీ కత్తుల యంచుతో సరిసమానముగ నుండవలెను. అది క్రిందికి దిగినచో పలక ఆగిపోవును. పైకి లేచినచో పలక అదరి, తుదిని కొన్ని అంగుళములమేర గుంటపడును. పీటలోని రోలర్లు ఎక్కువ ఎత్తుగ నున్నను, పొడవైన పలకను రెండుకొనల యందు ఆనిపట్టువారు లేకున్నను ఇట్టి గుంటయే పడును. పీటకు మైనము రుద్దినచో పలక తేలికగ జాఱును. తుదకు ఒకే మందము గల రెండు సన్నని బద్దలను, ఒకటి పీట యెడమకొనను రెండవది కుడికొనను, ఒకే అమరికలో నడిపించి వాని మందములను పోల్చవలెను. అవి సమానమైనచో యంత్రము సమముగ నున్నది. ఈ పరీక్షకు వెలగల పరికరమేదియు అక్కఱలేదు.

ఇంత చేసినను ఈ యంత్రము చేయలేనిదొకటి గలదు. వంగిన పలకను అది తిన్నగ చేయజాలదు. రోలర్లు పలకను నొక్కి పీటకు అణచును. కత్తులు పైముఖమును చెక్కును. బయటికి రాగానే పలక తన పూర్వపు వంకను మరల పొందును. మందము సమమైనది, వంక మాత్రము పోలేదు. కావుననే మొదటి ముఖమును చేతి చిత్రికతోనో, ముఖము తీయు వేఱొక యంత్రముతోనో ముందుగ సత్యముచేసి, ఆ ముఖమును పీటమీద నుంచి నడుపవలెను. రెండు బద్దలతో మెలిచూచు నేర్పు నేటికిని తప్పదు. పలక నార ఎటు లేచియున్నదో చూడక నడిపించినచో పేడులేచుటయు తప్పదు. పాతయిండ్ల కొయ్యలో దాగిన మేకు ఒక్కటి చాలును, మూడుకత్తులను ఒక్క క్షణమున పాడుచేయుటకు. మన సీమలోని రోహిణికార్తె యెండకును వానకాలపు చెమ్మకును కొయ్య కదలును గనుక, పచ్చిపలకను నేడు మందము తీసి రేపు బిగించువాని తలుపు మూడుమాసములలో మూసికొనకుండును. ఒకవైపుననే చెక్కక రెండువైపులను సమముగ చెక్కవలెననుటయు పెద్దలెఱిగిన మాటయే.

దీనినిబట్టి మేము తేల్చునది యేమన, యంత్రము తక్షకుని తొలగింపలేదు. అతనిని రెండుగ విడదీసినది. సరిచేయువాడొకడు, పలకను లోనికి తోయువాడొకడు. తక్షకుని విద్యయంతయు మొదటివానికి పోయెను. రెండవవానికి బెంథామ్ తలచిన ఖైదీ స్థితి మిగిలెను. బండ్లు పోయి ట్రాక్టర్లు వచ్చినవి. కర్మాగారపు తలుపులును ప్లాస్టిక్కు కిటికీలును వచ్చినవి. మిగిలిన పనియైనను మన యువకులు యంత్రపు నోటికి పలకలందించు కూలీలుగనే చేయవలసివచ్చినచో, ఈ సంతతికి వృత్తి యున్నను విద్య యుండదు. మేము విచారపడునది యంత్రము వచ్చినందులకు గాదు, ఈ విభజనకొఱకు.

ప్రభుత్వసహాయము లేకపోలేదు. 2023 సెప్టెంబరు 17వ తేదీన ప్రారంభింపబడిన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకమున పదునెనిమిది వృత్తులలో వడ్రంగము నొకటి. దానియందు శిక్షణ, దినమునకు 500 రూపాయల భత్యము, పనిముట్లకు 15,000 రూపాయలు, హామీ లేకుండ మొదట లక్షయు పిదప రెండు లక్షలును 5 శాతము వడ్డీకి ఋణము ఏర్పఱుపబడినవి. పనిముట్ల మొత్తము చేతిసాధనములకు చాలును గాని పెద్దయంత్రమునకు చాలదు, ప్రాథమికశిక్షణయు కొలదిదినములే. అప్పుచేసి యంత్రము కొన్నవానికి దానిని సరిచేయుట తెలియనిచో, వడ్డీ యొకవైపు, పాడైన కొయ్య యొకవైపు అతనిని పీడించును. ఈ లోపమును పూరింపవలసినవారము మనమే.

కావున మహాసభవారికిని పోషకులకును మూడు మనవులు చేయుచున్నాము. ఒకటి, ఏటేట సన్మానములకును పందిళ్లకును అగు వ్యయములో కొంతభాగముతో ఒక్క మంచి యంత్రమును కొని, అందఱును చూచి విప్పి బిగించి నేర్చుకొనుటకు బోధనశాలగ నిలుపుట. రెండు, యంత్రమును సరిచేయు క్రమమును కొలతలతోను పటములతోను సులభమైన తెనుగున అచ్చువేయించి ప్రతి పనిశాలకు పంపుట. మూడు, చేతిచిత్రిక పట్టిన వృద్ధశిల్పులు బ్రతికియుండగనే వారిచేత మొదటి ముఖము తీయుటను, మెలిచూచుటను యువకులకు నేర్పించుట. యంత్రము ధ్వని మారగానే కత్తి మొద్దుపడినదని చెవితో గుర్తించువారు నేటికిని మనలో గలరు. ఆ యెఱుక ఏ దుకాణమునను దొరకదు. ఈ బోధనకు వచ్చు పిల్లలలో అన్యకులములవారున్నను వారికిని తలుపు తెఱచియుంచుట మనకు గౌరవము. విద్య పంచుకొన్నకొలది పెరుగును.

అమరావతి వేదికను చెక్కిన శిల్పులలో పెక్కుమంది తమ పేరులను మనకెఱుకచేయలేదు. తమ కొలతను మాత్రము తప్పలేదు. అట్టి కొలతయందు శ్రద్ధను శ్రీ విశ్వకర్మ భగవానుడు మన యువజనులకు అనుగ్రహించుగాక యనియు, వచ్చు మహాసభనాటికి పై మనవులలో నొకటియైనను కార్యరూపము దాల్చుగాక యనియు ప్రార్థించుచు విరమించుచున్నాము.